పద్దెనిమిదో చొక్కా

మా జట్టుకు బెంచి బలం లేదన్న మాట ఆ ఏడు మొట్టమొదట మా తమ్ముడి సైకిల్ షాపులో పుట్టింది. సీజన్ మొదలవడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. స్టేడియం గేటుకు ఎదురుగా ఉండే ఆ షాపుకు పంక్చర్ వేయించుకోవడానికి వచ్చేవారికంటే ఫుట్‌బాల్ గురించి వాదించుకోవడానికి వచ్చేవారే ఎక్కువ. వాళ్ళు పాత టైర్ల మీదా, తిరగేసిన డబ్బాల మీదా కూర్చునేవారు. నాకు మాత్రం వీపు ఆనుకునే కుర్చీ ఒకటి ఎప్పుడూ వేసి ఉండేది. క్లబ్బు సభ్యులలో వయసుకు పెద్దదాన్ని నేను. పైగా, నేను చదువుకున్న కాన్వెంటులోనే ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినదాన్ని కనుక అక్కడ చేరేవారిలో సగం మంది ఒకప్పుడు నా ముందు బెంచీల మీద కూర్చున్నవారే.

“పదకొండు మందీ బాగానే ఉన్నారు. బెంచి వైపు చూస్తేనే నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు,” అన్నాడు కాంపౌండర్. “ఒకడికి జలుబు చేస్తే ఇంకొకడికి తుమ్మే తీరిక కూడా లేదు.”

“మందులిచ్చేవాడివి నువ్వేగా, జలుబు చెయ్యకుండా చూడు,” అన్నాడు మా తమ్ముడు, ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం వెతుకుతూ.

“నా మందులకి తగ్గేట్టయితే నేనిక్కడెందుకు కూర్చుంటాను బావా, షాపులోనే ఉండేవాణ్ణి.” కాంపౌండర్ డబ్బా ముందుకు జరుపుకున్నాడు. “కుర్రాళ్ళని దించండయ్యా అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను! పిల్లల జట్టులో ఆ చువ్వగాడు లేడూ? పంతొమ్మిదేళ్ళు. గోల్లో నిలబడితే కొక్కెం వేసి లాగినట్టు లాగేస్తాడు బంతిని. వాణ్ణి వదిలేసి ఇంకా ఆ ముప్పై ఆరేళ్ళ ముసలాణ్ణి పట్టుకు వేలాడితే...”

అక్కడ ఆగి, నా వైపు చూసి, దగ్గాడు. ఆ ముప్పై ఆరేళ్ళ ముసలాడు మా అల్లుడు.

“పూర్తి చెయ్యి,” అన్నాను. “వాక్యం మధ్యలో వదిలెయ్యకూడదని నీకు చిన్నప్పుడే చెప్పాను.”

“ఏం లేదు పెద్దమ్మగారూ, గొంతులో ఏదో అడ్డం పడింది.”

“సిగ్గు అయ్యుంటుంది, మింగెయ్,” అన్నాడు బేకరీ ఆయన. ఆయన మా అల్లుడి పక్షం. “చువ్వ మంచి కుర్రాడే, కాదన్ను. కానీ కార్నర్ పడ్డప్పుడు గీత వదిలి ముందుకు రాడు. కాళ్ళు అక్కడే అతుక్కుపోతాయి. ఇంకో ఏడాది ఆగనివ్వండి వాణ్ణి. పొంగకుండానే పిండిని పొయ్యిలో పెడితే రొట్టె కాదు, ఇటుక వస్తుంది.”

“నీ బేకరీలో పొంగాక పెట్టినా అదే వస్తోంది కదరా!” అన్నాడు మా తమ్ముడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బేకరీ ఆయన చెప్పినది అక్షరాలా నిజమని నాకు తెలుసు. ఆ కుర్రాడి కాళ్ళు గీతకు అతుక్కుపోవడం నేనూ చూశాను, చూసి మనసులో గుర్తు పెట్టుకున్నాను. ఈ కథకు అవసరమైనదంతా నాకు ఆనాడే తెలుసునని ముందే చెప్పడం ధర్మం.

మా క్లబ్బు చిన్నది; సభ్యులందరి ఉమ్మడి సొత్తు. లీగు నిబంధన ప్రకారం ఒక సీజన్‌కు పద్దెనిమిది మందికి మించి నమోదు చేయకూడదు. అందులో పదిహేడు మందిని కోచ్ ఎంచుకుంటాడు. పద్దెనిమిదో మనిషిని మాత్రం సభ్యులే ఎంచుకోవాలి. క్లబ్బు పుట్టిననాటి ఆనవాయితీ అది. సీజన్‌కు ముందు ఒక ఆదివారం ఉదయం అందరూ స్టాండులో చేరతారు. ఒకరిని కోరేవారు స్టాండు పైనున్న గడియారం వైపుకూ, మరొకరిని కోరేవారు గేటు వైపుకూ వెళ్ళి నిలబడతారు. చీటీలు వేయడం లేదు, చేతులెత్తడం లేదు. ఎవరి అభిప్రాయాన్ని వారు అందరూ చూస్తుండగా తమ కాళ్ళ మీద నిలబడి చూపించాలి. వయసుకు పెద్దవారు ఒక్కరు మాత్రం మధ్య మెట్టు మీద కూర్చుని ఉంటారు. రెండు వైపులా తలల లెక్క సమానమైనప్పుడే వారు లేచి ఏదో ఒక వైపుకు వెళ్ళాలి. నేను ఆ మెట్టుకు వచ్చాక అంతవరకు ఒక్కసారీ లేవవలసిన అవసరం రాలేదు.

ఆ ఏడు ఆ చివరి చొక్కా రెండో గోల్‌కీపర్‌ది. మొదటి గోల్‌కీపర్ కెప్టెనే కనుక అతని స్థానం గట్టిది. అతని వెనుక బెంచి మీద కూర్చునేది మా అల్లుడా, చువ్వా అన్నదే ప్రశ్న. చువ్వకు ముందు ఎన్నో సీజన్లున్నాయి. మా అల్లుడికి ఇదే ఆఖరు. పది సీజన్లు జట్టులో నమోదైన ఆటగాడికే క్లబ్బు పిల్లల జట్టుకు శిక్షకుడి ఉద్యోగం ఇస్తుంది. అతనికి తొమ్మిది అయ్యాయి. ఇది తప్పితే మరుసటి ఏడు ఆ వయసులో అతని పేరు కోచ్ ఎత్తడు, సభ్యులూ ఎత్తరు.

అతను పగలంతా అద్దాలు కోసే షాపులో పని చేసేవాడు. కిటికీలకూ దుకాణాలకూ అద్దాలు కొలిచి, కోసి, బిగించడం అతని వృత్తి. గోల్‌కీపర్‌కు ఉన్న ఆస్తి చేతులు. ఆ చేతులనే రోజూ గాజు అంచుల మధ్య పెట్టి బతికేవాడు. అరచేతుల్లో గీతలకంటే గాట్లే ఎక్కువ. శిక్షకుడి ఉద్యోగం వస్తే ఆ షాపు మానేస్తాడని మా అమ్మాయి ఆశ పెట్టుకుంది.

మా ఇంట్లో రొట్టె కోసేది నేను. కాన్వెంటు హాస్టల్లో భోజనాల బల్ల దగ్గర ఒక నియమం ఉండేది: రొట్టె ఎవరు కోస్తే వారు చివరి ముక్క తీసుకోవాలి. చివరిదే తనకు మిగులుతుందని తెలిసిన చేయి ముక్కలన్నిటినీ సమానంగా కోస్తుందని మదర్ చెప్పేవారు. ఆ నియమాన్ని నేను హాస్టల్లో వదిలిపెట్టి రాలేదు. మా అమ్మాయి నా క్లాసులోనే చదివిన ఏడు, దానికీ ఇంకొక పిల్లకూ సరిసమానంగా మార్కులు వచ్చినప్పుడు బహుమతి ఆ రెండో పిల్లకే ఇచ్చాను. బడి బడంతా మెచ్చుకుంది. మా అమ్మాయి ఆ తరువాత లెక్కల పుస్తకాన్ని ఇష్టంగా తెరవగా నేను చూడలేదు. కుట్టుపని నేర్చుకుంది. క్లబ్బు చొక్కాలు కుట్టేదీ, వాటి వీపున అంకెలు కుట్టేదీ అదే.

ఓటుకు ముందు రోజు ఉదయం ఫలహారం దగ్గర అది నన్ను అడిగింది.

“అమ్మా, నిన్ను ఏదో చెయ్యమని అడగను. ఒక్క ముక్క చెప్పు. ఇద్దర్లో ఎవరు బాగా ఆడతారు?”

“మీ ఆయనే,” అన్నాను. “అందులో అనుమానమేముంది?”

“అత్తయ్యగారిని ఇందులోకి లాగకు,” అన్నాడు అల్లుడు పళ్ళెంలోంచి తలెత్తకుండా. “ఆవిడ మెట్టు మీంచి లేవాల్సిన పనే పడదులే.”

“లాగలేదు, అడిగానంతే. నాకా మాట చాలు.” మా అమ్మాయి లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కాసేపటికి దాని చప్పుడు వినిపించింది. పద్దెనిమిదో చొక్కాను అది ఆ పూటే కుట్టేసింది, మొగుడి కొలతలకు.

ఆదివారం ఎండ చురుక్కుమంటోంది. అభ్యర్థులిద్దరూ కింద మైదానంలో గోలు ముందు నిలబడ్డారు. అదీ ఆనవాయితీయే. చువ్వ చేతి తొడుగు దారాన్ని పీకుతూ నేలవైపు చూస్తున్నాడు. మా అల్లుడు చేతులు వెనక్కి కట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా నిశ్చింతగా ఉన్నాడు. జనం రెండుగా విడిపోయారు. మా అల్లుణ్ణి కోరే బేకరీ ఆయనా, మా తమ్ముడూ గేటు వైపు. కాంపౌండరూ, అతని వెంట పడుచువాళ్ళూ గడియారం వైపు. కార్యదర్శి ఒకసారి లెక్కపెట్టాడు. నుదురు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు.

“సమానం,” అన్నాడు. “పెద్దమ్మగారు లేవాలి.”

గడియారం వైపు నుంచి ఎవరిదో గొంతు లేచింది. “అయిపోయిందిరా, పదండి ఇళ్ళకి! అత్త ఓటు అల్లుడికి కాక ఊళ్ళోవాళ్ళకేస్తుందా?”

పకపకా నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. మా తమ్ముడు అప్పటికే పక్కకు జరిగి నాకు చోటు చేశాడు.

నేను లేచాను. కింద మా అల్లుడు నన్ను చూశాడు. వేడుకోలు లేదు ఆ చూపులో. నాకు తెలిసినది అతనికీ తెలుసు, అంతే. గేటు వైపు నడక సులువు. గడియారం వైపు మెట్లు ఎక్కాలి, అప్పటికే మోకాళ్ళు సహకరించడం మానేశాయి. రెయిలింగ్ పట్టుకుని ఎక్కాను.

తరువాత రెండు వైపుల నుంచీ చప్పట్లు మోగాయి. గేటు వైపువాళ్ళు కూడా కొట్టారు. నా తమ్ముడు కొట్టలేదు. కాంపౌండర్ నా చేయి పట్టుకుని పైమెట్టు ఎక్కించాడు. “న్యాయమంటే ఇదీ! మా టీచరమ్మ అంటే ఏమనుకున్నార్రా!” అని అరిచాడు. అతని కళ్ళు చెమర్చాయి. ఆ చప్పట్లు నా చెవులకు హాయిగా ఉన్నాయి. అది దాచను.

కింద చువ్వ చేయి ముందుగా పట్టుకుని ఊపినవాడు మా అల్లుడే.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి పద్దెనిమిదో చొక్కాను ఒళ్ళో వేసుకుని పక్క కుట్లు విప్పుతోంది. చువ్వ సన్నగా ఉంటాడు కదా, వెడల్పు తగ్గించాలి. కుట్టు కుట్టుకూ బ్లేడు మొన పెట్టి ఓపికగా తెంపుతోంది. నేను దాని ఎదురుగా కూర్చున్నాను. కోప్పడుతుందని ఎదురుచూశాను.

“బహుమతి మళ్ళీ రెండో పిల్లకే ఇచ్చావు,” అంది.

“తలల లెక్క సమానమైంది. లోకం ఏమంటుందో కూడా...”

“లోకం చాలా బాగా అంది అమ్మా. వీధి చివరిదాకా వినపడింది.” తెగిన దారాన్ని నోటితో ఊదేసింది. “ఆ కత్తెర ఇటివ్వు.”

ఇచ్చాను. ఆ విషయం మీద మా అమ్మాయి నాతో మాట్లాడిన మాటలు అవే. ఆ సీజనంతా మరొకటి మాట్లాడలేదు. అల్లుడైతే అసలే మాట్లాడలేదు. మరుసటి వారం నుంచి మ్యాచులకు నా పక్కనే టికెట్టు తీసుకుని కూర్చునేవాడు. అతను స్టాండులోంచి ఆట చూడడం నేను చూడడం అదే మొదలు. ఆ సీట్లో ఎలా కూర్చోవాలో తెలియనట్టు ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉండేవాడు.

సీజన్ ఇంకా ఊపందుకోకముందే కెప్టెన్ వేలు విరిగింది. బంతి కాదు, సొంత డిఫెండర్ బూటు తగిలింది. అతను చేతిని చంకలో ఇరికించుకుని బయటికి నడిచాడు. బెంచి మీద నుంచి చువ్వ లేచాడు. పక్కలు తగ్గించిన ఆ చొక్కా కూడా అతనికి ఇంకా వదులుగానే ఉంది.

అవతలి కోచ్ మూర్ఖుడు కాదు. కార్నర్ తరువాత కార్నర్ కొట్టించాడు. బంతి ఎత్తుగా వచ్చి గోలు ముందు దిగుతుంది, చువ్వ గీత మీదే నిలబడి దాన్ని చూస్తూ ఉంటాడు, ఎవడో తల పెడతాడు. నా పక్కన మా అల్లుడు పెదవులు కదలకుండా గొణుగుతున్నాడు: “రా... ఇప్పుడు... ముందుకి రా నాయనా...” కుర్రాడు రాలేదు. వల మళ్ళీ ఊగింది.

మా వెనక వరుసలో కాంపౌండర్ లేచి నిలబడ్డాడు. “చువ్వ కాదురా, చీపురుపుల్ల! ఊడ్చుకోడానిక్కూడా పనికిరాడు! బయటికి లాగండి వాణ్ణి!”

మా అల్లుడు వెనక్కి తిరిగాడు. “అన్నా, ఆ రోజు ఎండలో వాడి పక్షాన నిలబడ్డావుగా. ఇవాళ మబ్బేసింది. ఇంకాసేపు నిలబడు.”

కాంపౌండర్ కూర్చున్నాడు. కానీ స్టాండంతా అందుకున్న కేకను ఎవరు కూర్చోబెట్టగలరు? ఆ మ్యాచూ, దాని తరువాతి మ్యాచూ, ఆ తరువాతిదీ అలాగే పోయాయి. సైకిల్ షాపులో దోషుల విచారణ జరిగింది. కోచ్ దోషి, కుర్రాడు దోషి, మెత్తబడ్డ మైదానం దోషి, కెప్టెన్ వేలు తొక్కిన బూటు దోషి. వీపు ఆనుకునే కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. నా ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. “పాపం పెద్దమ్మగారు ఎంత నిష్పక్షపాతంగా చేశారు, దక్కించుకోలేకపోయాడు వెధవ,” అనేవారు. నా తమ్ముడు ట్యూబుల మీంచి తలెత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం మేము భోజనం చేస్తుండగా చువ్వ తల్లి వచ్చింది. ఆమె బస్సు కండక్టరు. యూనిఫాంలోనే ఉంది, టికెట్ల సంచి భుజాన వేలాడుతోంది. గుమ్మం దాటలేదు.

“లోపలికి రామ్మా,” అన్నాను.

“బస్సు మలుపులో ఆపించి వచ్చానమ్మగారూ, ఎక్కువసేపు ఉండను. మావాడు ప్రాక్టీసుకి పోవటం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం పెడితే ఆకలి లేదంటాడు. వీధిలో పిల్లలు వాణ్ణి చూసి చీపురు చూపిస్తున్నారు.”

“నాకు చాలా విచారంగా ఉంది.”

“ఎందుకండీ విచారం? మీకేమైంది?” ఆమె గొంతు అప్పుడే లేచింది. “నాకు ఆట తెలీదు. మా ఆయనకి తెలుసు, ఆయనా అన్నాడు, ఇంకో ఏడాది ఆగితే బావుండేదని. ఆఖరికి మావాడు కూడా అన్నాడు. ఆ రోజు మీరు మెట్లెక్కుతుంటే వాడు భయపడ్డాడట, తెలుసా? మీరు పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. మీ మంచితనం నలుగురికీ చూపించుకోడానికి మావాడే దొరికాడా మీకు?”

ఎన్ని ఏళ్ళుగానో ఎదుటివారి జవాబులు దిద్దినదాన్ని, అక్కడ ఖాళీ కాగితంలా నిలబడ్డాను.

అల్లుడు సగం తిన్న పళ్ళెం పక్కకు జరిపాడు. చేయి కడుక్కున్నాడు. తలుపు వెనక మేకుకు తగిలించి ఉన్న, ఆ ఆదివారం నుంచీ ముట్టుకోని చేతి తొడుగులు తీసి దుమ్ము దులిపాడు.

“పద అక్కా,” అన్నాడు ఆమెతో. “మీ బస్సు మీ ఇంటి మీదుగానే పోతుందిగా?”

ఆ తరువాత అద్దాల షాపు వెనుక పెరడులో గాజు పగిలిన చప్పుడు మొదలైంది. సాయంత్రం షాపు కట్టేశాక, ఇంకా వెలుతురు ఉండగా, మా వీధిలోకి వినిపించేది. ఏమిటో చూద్దామని ఒకరోజు వెళ్ళాను. నేల మీద సుద్దతో గీత గీసి ఉంది. గీత మీద చువ్వ. అతని వెనుక బాగా దూరంగా, ప్రహరీకి ఆనించి, కోతల్లో చెడిపోయిన పెద్ద అద్దం ఒకటి. మా అల్లుడు ఎత్తుగా బంతి వేస్తున్నాడు. ముందుకు వచ్చి అందుకుంటే అద్దం మిగులుతుంది. గీత మీదే నిలబడితే బంతి తల మీంచి పోయి అద్దాన్ని తాకుతుంది.

“ఇదేం పాఠం?” అన్నాను.

“వాడికి ఏదో ఒక భయం ఉండక తప్పదు అత్తయ్యగారూ. జనానికి భయపడే బదులు అద్దానికి భయపడనీ. అద్దం తిట్టదుగా.”

చువ్వ నన్ను చూసి తల వంచుకున్నాడు. “నమస్తే మామ్మగారూ,” అన్నాడు, తప్పు తనదే అయినట్టు. ఆ నమస్కారం తీసుకోవడం కంటే అతని తల్లి తిట్లు తీసుకోవడం సులువు.

కింద గాజు పెంకులు మెరుస్తున్నాయి. మూలనున్న చీపురు అందుకోబోయాను. అల్లుడు వచ్చి నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

“వద్దండి, చేతులు కోసుకుంటారు.”

“కోసుకోనీ.”

“మీకు కట్టు కట్టడం మళ్ళీ నాకో పని,” అని నవ్వి, తనే ఊడ్చుకున్నాడు. ఆ సీజన్‌లో ఏదో ఒకటి చేసి భారం దించుకోవాలని నేను చాచిన చేతిని ప్రతిసారీ ఎవరో ఒకరు అంతే మర్యాదగా వెనక్కి తిప్పారు.

కాబట్టి సీజన్ మధ్యలో సభ్యుల సమావేశం పెట్టినప్పుడు, ఎవరూ అడగకుండానే నేను లేచి నిలబడ్డాను. వాక్యాలు ముందే కూర్చుకుని వెళ్ళాను. “అధ్యక్షా, ఆ ఆదివారం నేను చేసినది న్యాయం కాదు. మా అల్లుడు మెరుగైన ఆటగాడని నాకు తెలుసు. ఆ కుర్రాడు ఇంకా సిద్ధంగా లేడనీ తెలుసు. పక్షపాతి అని మీరు నన్ను అంటారన్న భయంతో గడియారం వైపు నడిచాను. అది పిరికితనం. దానివల్ల ఇద్దరు నష్టపోయారు. మీరు నన్ను తప్పుపట్టాలని కోరుతున్నాను.”

ఆ తరువాత, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు!

“విన్నారా!” అన్నాడు కాంపౌండర్ ముక్కు తుడుచుకుంటూ. “తనది కాని తప్పు కూడా నెత్తిన వేసుకుంటున్నారు. ఇలాంటి మనిషిని ఇంకెక్కడైనా చూశామా?”

“కూర్చోండి కూర్చోండి, మీరు మనసు కష్టపెట్టుకోకూడదు,” అన్నాడు అధ్యక్షుడు. నమోదు గడువు ఎప్పుడో ముగిసిందనీ, మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవనీ, ఎవరిదీ తప్పు లేదనీ చెప్పాడు. చివరికి, స్టాండులో నేను కూర్చునే మధ్య మెట్టుకు గౌరవసూచకంగా తెల్లరంగు వేయాలని తీర్మానం చేశారు. ఎవరూ వ్యతిరేకించలేదు. నేను వ్యతిరేకించాను, దాన్ని నా వినయం కింద జమకట్టారు.

బయటికి వచ్చాక నా తమ్ముడు సైకిల్ స్టాండు తీస్తూ అన్నాడు: “శిక్ష పడాలంటే నువ్వు ఇంకో ఊళ్ళో పుట్టాల్సింది అక్కా. ఇక్కడ సగం మందికి ఎక్కాలు నేర్పావు.”

పెరటిలో గాజు చప్పుడు వారం వారానికీ తగ్గుతూ వచ్చింది. సీజన్ ముగింపు దగ్గరపడేసరికి ఒక్కో సాయంత్రం అసలే వినిపించేది కాదు. చివరి మ్యాచు నాటికి మా జట్టు పైకి ఎక్కే ఆశ ఎలాగూ పోయింది. కిందికి జారకుండా ఉంటే చాలునన్నట్టుంది. ఆట ముగియబోతుండగా అవతలివాళ్ళకు కార్నర్ దొరికింది. మేము ఒక్క గోలు ముందున్నాం. స్టాండంతా లేచింది. తెల్లరంగు మెట్టు మీద ఇంకా కూర్చుని ఉన్నది మేమిద్దరమే: నేనూ, నా పక్కన యథాప్రకారం ముందుకు వంగి అల్లుడూ.

బంతి గాలిలోకి లేచింది. చువ్వ కాలు గీత మీద ఒక్క లిప్త ఆగింది. తరువాత వచ్చేశాడట, ఇద్దరు డిఫెండర్ల భుజాల మీదుగా ఎగిరి రెండు చేతులా అందుకుని బంతిని గుండెకు హత్తుకుని పడ్డాడట. అందరూ చెప్పగా విన్నాను. నేను చూడలేదు. నేను చూసింది నా పక్కన లేచిన రెండు చేతులను. కుర్రాడు ఎగిరిన క్షణానే మా అల్లుడి చేతులు వాటంతట అవి పైకి లేచి, వేళ్ళు విచ్చుకుని, గాలిని అందుకుని మూసుకున్నాయి. గాట్ల మీద ఎండ పడింది. అంతటా కేకలు, ఈలలు. అతను ఆ ఖాళీ చేతులను మెల్లగా దించి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

“వచ్చాడు,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “సరైన టైముకి వచ్చాడు.”

కెప్టెన్ వేలు సరిగా అతుక్కోలేదు. అతను ఆట మానేశాడు. పది సీజన్లు ఎప్పుడో దాటినవాడు కనుక పిల్లల జట్టు శిక్షకుడి ఉద్యోగం అతనికి ఇచ్చారు. నిబంధన ప్రకారం అది సబబే, నేను వేలెత్తి చూపగలిగినదేమీ లేదు. చువ్వ మొదటి గోల్‌కీపర్ అయ్యాడు. అతని తల్లి ఒకరోజు బస్సులో నాకు టికెట్టు చించి ఇస్తూ ముఖం తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. మా అల్లుడు తెల్లవారితే అద్దాల షాపుకు వెళుతూనే ఉన్నాడు.

కొత్త సీజన్ చొక్కాలకు గుడ్డ వచ్చిన ఉదయం మేము ముగ్గురం బల్ల దగ్గర ఉన్నాం. నేను రొట్టె మీద కత్తి ఆనించాను. గది మూలన తెల్లటి తానులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

“అత్తయ్యగారూ,” అన్నాడు అల్లుడు.

“చెప్పు.”

“వచ్చే ఆదివారం చివరి చొక్కాకి ఓటట. ఈసారి లెఫ్ట్ బ్యాక్‌కి.” కాసేపు బల్ల అంచును బొటనవేలితో రుద్దాడు. కోపం లేదు గొంతులో. “ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో నిలబడి ఉంటాడు కింద. మీరు వెళ్ళకండి.”

మా అమ్మాయి చేతిలో టీ గ్లాసు గాలిలో ఆగింది. అది నా వైపు చూడలేదు.

సభ్యులందరినీ నిలబడి అడిగినా దొరకని శిక్ష అదే. ఆ ఇంట్లో, ఆ బల్ల దగ్గర, అది అడగకుండా నాకు దొరికింది. ఏదో అనబోయాను: నేను కోసినది రొట్టె కాదనీ, నా వాటా అనుకుని చివరికి నెట్టినది ఒక మనిషిని అనీ, ఎంతో పొందికగా కూర్చుకున్న వాక్యాలు కొన్ని నాలుక మీద ఉన్నాయి. అవి వింటే ఈ ఇద్దరు కూడా నన్ను ఓదార్చవలసి వస్తుంది.

“వెళ్ళను,” అన్నాను.

కత్తి పిడిని అతని వైపుకు తిప్పి బల్ల మీద పెట్టాను. రొట్టెను కూడా అటు జరిపాను. అతను నన్నూ కత్తినీ ఒకసారి చూసి, తీసుకుని, అద్దం కోసే మనిషి చేతివాటంతో గబగబా కోశాడు. మొదటి ముక్క పెళ్ళాం పళ్ళెంలో వేశాడు. రెండోది తన పళ్ళెంలో వేసుకున్నాడు, ఏ ఆలోచనా లేకుండా, ఆకలి వేసిన మనిషి వేసుకున్నట్టు. చివరిది నాకు వచ్చింది.

సమానంగానే ఉంది. తిన్నాను.